చదివి వినిపించగా ఒప్పుకొన్నాను

పోయిన వారం మా మనవరాలు హాస్టలు నుంచి సెలవులకి ఇంటికొచ్చి ఉండగా, దాని కాలేజీ నుంచి మా అబ్బాయి ఫోనుకి ఒక పత్రం వచ్చింది. పిల్లలు మత్తు పదార్థాల జోలికి పోకుండా తల్లిదండ్రులు కనిపెట్టుకుని ఉండాలంటూ, మత్తులో ఉన్నామని చెప్పుకోవడానికి ఈ కాలం పిల్లలు వాడే ఇంగ్లీషు మాటలు ఇవీ అని ఒక పొడుగాటి జాబితా ఇచ్చారు. హై, స్టోన్డ్, వేస్టెడ్, బేక్డ్ అని మనవరాలు చదువుతుంటే మా కోడలు నోరు తెరుచుకుని వింటోంది. నేను ఒత్తులు చేసుకుంటున్న పత్తి పక్కన పెట్టి, ఇంతేనా, మా రోజుల్లో ఇంతకంటే ఎక్కువే ఉండేవని టిప్సీ, టైట్, పికిల్డ్, ప్లాస్టర్డ్ అంటూ వేళ్లు మడుస్తూ పది దాకా చెప్పేసరికి, రాజమండ్రిలో ఏకాదశి ఉపవాసాలుండే మామ్మకి ఇవన్నీ ఎలా వచ్చాయా అని అందరూ నా మొహం చూశారు. ఈలోగా మా అబ్బాయి అడుగున ‘చదివి అర్థం చేసుకున్నాను’ అన్నచోట వేలు పెట్టి నొక్కబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాను.

ఎందుకు ఆపానో చెప్పాలంటే నా ఇరవయ్యో ఏటికి వెళ్లాలి. టైపు లోయరూ హయ్యరూ రెండూ పాసై, డెల్టాలో ఒక కాలవ ఆఫీసులో టైపిస్టుగా చేరాను. ఏ ఊరో చెప్పను, ఆ కుటుంబాలు ఇంకా అక్కడే ఉన్నాయి. అప్పట్లో ఆడపిల్ల ఆఫీసుకి వెళ్తోందంటే వీధి అరుగుల మీద వాళ్లు తలలు తిప్పి చూసేవారు, మా నాన్నగారు మాత్రం సైకిలు వెనక కూర్చోబెట్టుకుని నన్ను దింపి, నేను లోపలికి వెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడేవారు. మా ఇంజనీరుగారు మంచివారే గానీ ఇంగ్లీషంటే చెవి కోసుకునేవారు. కాఫీ తప్ప మరేదీ ముట్టని ఆ మనిషి తాగినవాళ్ల గురించి ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని, అవకాశం దొరికితే రిపోర్టుల్లో వాడి మురిసిపోయేవారు. నా విద్యంతా అక్కడిదే.

ఆ ఆఫీసు కింద లాకుల దగ్గర తలుపులెత్తి దించే పనికి ఒక లస్కరు ఉండేవాడు, మా నాన్నగారి ఈడు మనిషి. ఏళ్ల తరబడి టెంపరరీగా చేసి, ఆ ఏడే పర్మనెంటు కావలసి ఉంది. దిగువ ఊళ్లకి నీళ్లు వదలవలసిన వంతు రోజున తలుపులు ఆలస్యంగా లేచాయని రైతులు గోల పెడితే ఇంజనీరుగారు జీపులో వెళ్లి చూశారట. మనిషి తూలుతున్నాడు, నోటి పక్కన చొంగ కారుతోంది, ఏమడిగినా ముద్దముద్దగా ఏదో అంటున్నాడు. ఇంకేం కావాలి?

మర్నాడు లస్కరు వాంగ్మూలం అంటూ నాకు ఇంగ్లీషులో డిక్టేషను చెప్పారు. ఒక్క ఇంగ్లీషు ముక్క రాని ఆ మనిషి నోట, నేను ఆ రోజు పికిల్డ్‌గా ఉన్నాను, ప్లాస్టర్డ్‌గా ఉన్నాను అని వరసగా పెట్టేశారు. చివర ఎప్పుడూ ఉండే లైనే, దీనిని తెలుగులో చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నాను. ఆ లైను అంతకుముందు ఎన్నోసార్లు కొట్టాను, ఎవరికీ చదివి వినిపించింది లేదు. వరండాలోకి కాగితం తీసుకెళ్లేసరికి లస్కరు ఎడమ బొటనవేలు సిరా దిండు మీద అద్దుకుని, ఎక్కడ వెయ్యమంటారండీ అన్నాడు. ఏం రాసి ఉందని కూడా అడగలేదు. కాస్త ఆగు బాబాయ్ అని మొదటి నుంచీ తెలుగులో చదివాను. ఊరగాయలా ఊరిపోయి ఉన్నాననీ, గోడకి గచ్చు మెత్తినట్టు ఉన్నాననీ, అంటే తప్పతాగి ఉన్నాననీ వింటూ వింటూ ఆయన బిత్తరపోయాడు.

“అమ్మగారండీ, ఇయ్యన్నీ నేనెప్పుడు చెప్పానండీ? ఆ రోజు పన్ను పీకించుకొచ్చానండి.”

నోరు తెరిచి దవడ పన్ను పోయిన సందు చూపించాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఆస్పత్రి చీటీ తీశాడు. సూదిమందుకి సగం మొహం మొద్దుబారి, కళ్లు తిరుగుతున్నా, వంతు రోజని సెలవు పెట్టకుండా తిన్నగా లాకుల దగ్గరికే వచ్చాడట. మరి అప్పుడే చెప్పలేదేం అంటే, నోరు తిరగలేదండి, తర్వాత ఎవరూ అడగలేదండి, లేటయిందని రాసుంటారనుకున్నానండి అన్నాడు.

నా ఉద్యోగమూ అప్పటికి ఖాయం కాలేదు. అయినా కాగితమూ చీటీ పట్టుకుని ఇంజనీరుగారి గదిలోకి వెళ్లాను. చదవమని నీకెవరు చెప్పారు అని ఆయన గయ్యిమన్నారు.

“మీరేనండి. ఆఖరి లైనులో.”

ఆయన చీటీ చూశారు, తేదీ చూశారు. లేచి తనే వరండాలోకి వెళ్లి లస్కరు చేత నోరు తెరిపించుకుని చూశారు. తిరిగొచ్చి ఆ కాగితాలు నిలువునా చింపి, “కొత్త కార్బన్లు పెట్టండమ్మా” అన్నారు. నన్ను మీరు అనడం అదే మొదలు. లస్కరు ఆ ఏడే పర్మనెంటయ్యాడు. అప్పట్నుంచి ఆ ఆఫీసులో ఎవరు వేలిముద్ర వేసినా, చదివి వినిపించారా అని ఇంజనీరుగారు తనే అడిగేవారు. రిటైరైననాడు నాకు శాలువా కప్పారు, దండ వేశారు గానీ, నా సర్వీసంతటికీ నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క మధ్యాహ్నమే.

అందుకే మొన్న మా అబ్బాయిని కూర్చోబెట్టి ఆ పత్రం మొత్తం పైకి చదివించాను. విసుక్కుంటూనే చదివాడు. జాబితా అయిపోయాక, విద్యార్థి మీద అనుమానం కలిగితే సంజాయిషీ అడగకుండానే హాస్టలు నుంచి పంపించివేయడానికి సమ్మతిస్తున్నాము అన్న లైనుని వాడు రెండుసార్లు చదివాడు. అంటే నన్ను అడగరా మామ్మా అంది మనవరాలు. నేను పనిచేసిన రోజుల్లో ఆఫీసరు ఎంత కోపిష్టి అయినా, మనం తలుపు తోసుకుని వెళ్లి చెప్పుకోవడానికి ఒక గదీ, అందులో ఒక మనిషీ ఉండేవారు. మా అబ్బాయి ఆ పత్రాన్ని పైకీ కిందికీ జరిపి ఎంతసేపో వెతికాడు. ఒప్పుకున్నానని నొక్కడానికి చోటుంది గానీ, నేను పన్ను పీకించుకొచ్చానండీ అని చెప్పుకోవడానికి అందులో ఎక్కడా చోటు లేదు.