పొగిడి ఆపే పెద్దమనిషి

ఆడవాళ్లను అంతగా పొగిడే మనిషి వాళ్లకే ఎందుకు అడ్డుపడతాడో నాకిప్పటికీ అర్థం కాలేదు. బైబిలు వేదాంతం చదివొచ్చిన కరుణకు పాస్టరుగా అభిషేకం అనే మాట రాగానే, నంద్యాల సంఘపెద్ద యేసోబు కళ్లు అరమోడ్చి, "ఆడోళ్లు మన నెత్తిన కిరీటాలప్పా. కిరీటంతో ఎవురన్నా పని చేయిస్తారా?" అంటాడు. చర్చి ఊడ్చి వచ్చి కూర్చున్న ఆడవాళ్లు కూడా తలలూపుతారు. పోయిన నెల అట్లాగే ఆ అభిషేకం ఆపించాడు.

మొన్న ఆళ్లగడ్డలో మంచం పట్టిన యేసోబు వాళ్లమ్మ, పాస్టరు చేత్తో ఇచ్చే ప్రభు భోజనం కావాలంది. పాస్టరు ఊళ్లో లేడు. యేసోబు కరుణకే ఫోన్ చేశాడు.

"నాకు అధికారం లేదంటిరి కదన్నా."

"ఆపదలో దేవుడు ఆడా మగా చూడడమ్మా. బిన్నా రా."

కరుణ వచ్చి రొట్టె, ద్రాక్షారసం అందించింది. ముసలమ్మ తృప్తిగా పెదవులు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "ఈ బిడ్డకు అభిషేకం వద్దన్నోళ్లు ఎవురు నాయనా?"

యేసోబు చెప్పులేసుకుని, ఎవరికీ చెప్పకుండా బస్టాండు దారి పట్టాడు.