లోపలి పిడి

చేపల గోదాములో ఆమెను అందరూ కారమక్క అనేవారు. చేపలు చీరి, కడిగి, పెట్టెల్లో సర్దడం ఆమె పని. నోటికి హద్దూపద్దూ లేదని ఎదురుగానే అనేవారు. ఆ నోటికి జడిసే మేస్త్రీ అక్కడి ఆడవాళ్ల జోలికి వచ్చేవాడు కాదు.

ఆమె తమ్ముడిదీ అక్కడే పని. కోల్డ్‌రూములో పెట్టెలు మోసేవాడు, మెత్తని మనిషి. కుళ్లిన సరుకు మీద కొత్త తేదీలు అంటించడం చూసి మాత్రం ఊరుకోలేకపోయాడు. "బయట చెప్పేస్తాను" అని ఓనరు మొహం మీదే అన్నాడు. ఆ వారంలోనే కోల్డ్‌రూములో కొయ్యబారిపోయి దొరికాడు.

తలుపు దానంతటదే పడిందన్నాడు ఓనరు. లోపలి పిడి విరిగిపోయిందన్నాడు. పోలీసాయన అదే రాసుకుని, టీ తాగి వెళ్లిపోయాడు.

కారమక్క వెళ్లి చూసింది. పిడి విరగలేదు. ఎవరో మరలు విప్పి తీసేశారు. స్టేషనుకి వెళ్లి ఆ మాటే చెబితే, "బాధలో ఉన్నావమ్మా, ఇంటికెళ్లి పడుకో" అన్నాడు పోలీసాయన.

ఆమె తిరిగి పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం, మోటారు ఆగగానే, కోల్డ్‌రూము తలుపు మీద లోపలినుంచి చప్పుడైంది. ఎవరో అరచేత్తో కొడుతున్నట్టు. పరుగున వెళ్లి తీస్తే లోపల ఎవరూ లేరు. తలుపు లోపలివైపు పేరుకున్న మంచు మీద మాత్రం చేతి గుర్తులు, గోళ్ల గీతలు. అప్పుడే పడినవి.

ఇక రోజూ అదే. అందరూ విన్నారు. విని, తలలు వంచుకుని పని చేసుకున్నారు. మేస్త్రీ రేడియో సౌండు పెంచాడు. కారమక్కకి భయం వేయలేదు, ఒళ్లు మండింది. రేడియో తీసి నేలకేసి కొట్టింది.

"చచ్చాక కూడా వాడి మాట వినరా? చెవుల్లో సీసం పోసుకున్నారా మీరంతా?"

మర్నాడు ఓనరు ఆ తలుపు వెల్డింగు చేయించడానికి మనిషిని తెచ్చాడు. తోడుగా పోలీసాయన. కారమక్క తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మూయిద్దురుగాని అయ్యగారూ. ముందు లోపలికెళ్లి, ఇది దానంతటదే ఎలా పడుతుందో చూపించండి."

ఆడవాళ్లు ఒక్కొక్కరే పని ఆపి లేచి నిలబడ్డారు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గితే పరువు పోతుందనుకున్నాడేమో, ఓనరు నవ్వుతూ లోపలికి అడుగుపెట్టాడు. తలుపు ధడాలున పడింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

మొదట తిట్లు వినిపించాయి. తరవాత కేకలు. తరవాత రెండు చప్పుళ్లు: ఒకటి కంగారుగా, గబగబా. రెండోది నిదానంగా, అరచేత్తో. రెండూ పక్కపక్కనే.

పోలీసాయన ఎంత లాగినా తలుపు రాలేదు. "నువ్వు పట్టు తల్లీ!" అన్నాడు, చెమటలు కక్కుతూ.

ఇప్పుడు తల్లినట! కారమక్క పిడి మీద చెయ్యి వేసి ఆగింది. తమ్ముడు ఎంతసేపు కొట్టాడో అంతసేపూ వీణ్నీ కొట్టనివ్వాలనిపించింది. పళ్లు నూరుతూ, ఏడుస్తూ, చివరికి లాగింది. ఆమె చేతికి తలుపు ఇట్టే వచ్చేసింది.

ఓనరు పాక్కుంటూ బయటపడ్డాడు. మెడ చుట్టూ మంచు, వేళ్ల ఆకారంలో.

"నేనే విప్పించాను! పిడి నేనే విప్పించాను! మేస్త్రీ చేత తలుపు వేయించాను! వాణ్ని వదలమనండి!"

అంతమంది విన్నాక పోలీసాయనకి రాసుకోక తప్పలేదు. ఓనరూ మేస్త్రీ జైలుకి పోయారు. చప్పుడు ఆగిపోయింది. కారమక్క కోపం మాత్రం ఆగలేదు.

ఒకరోజు తమ్ముడి భార్య అడిగింది. "తలుపు ఎందుకు తీశావు వదినా?"

"నీ మొగుడికి వాడి పీక చేతికి దొరికింది కదే! నొక్కాడా? చచ్చి కూడా మంచితనం మానలేదు వెధవ! వాడే వదిలేస్తే నేనేం చేసేది?"

అరుస్తూనే గోడకేసి చెయ్యి బాదుకుంది. వేళ్లు చిట్లాయి. మరదలు తడిగుడ్డ తెచ్చి ఆ చేతికి చుట్టింది.