ఇత్తడి బిళ్ల మీది బొట్టు

తడిపిన పసుపు వాసన ముక్కుకు తగలగానే ఉలిక్కిపడి తలెత్తాను. మొన్న మా ప్రయోగశాలలో ఆయుధపూజ. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని వేలికి పసుపు అద్దుకుని, బంగారు పూత పూసిన పలకల వైపు వంగింది. "అమ్మా తల్లీ, ఆగు! బొట్టు బల్లకు పెట్టు" అని అరిచాను. పాపం, బిత్తరపోయింది. ఆ అరుపు వెనక రాజ్యలక్ష్మి మేడం ఉన్నారని ఆ పిల్లకేం తెలుసు!

మేడంది జనగామ. మహబూబాబాద్‌లోని మా డిగ్రీ కాలేజీకి రోజూ రైల్లో వచ్చి ఫిజిక్స్ చెప్పేవారు. నేను బయ్యారం దగ్గరి తండా పిల్లను. ఇంట్లో లంబాడీ, బజార్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. మూడింటి మధ్య నాకు నోరు పెగిలేది కాదు. చివరి ఏడాది ప్రాజెక్టు కుదిరితే ఎమ్మెస్సీకి పోతానని, లేదంటే హైదరాబాద్‌లో అక్క పనిచేసే బట్టల దుకాణంలో చేరతానని ఇంట్లో ఒప్పుకుని వచ్చాను.

ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నదే. ఎదురెదురుగా రెండు ఇత్తడి బిళ్లలు, వాటికో బ్యాటరీ. ఒకదాన్ని దగ్గరికీ దూరానికీ జరుపుతూ వాటి మధ్య వోల్టేజీ కొలవాలి. రెండూ ఒకే రేకు నుంచి కోసినవి కాబట్టి, బ్యాటరీ తీసేస్తే మీటరు ముల్లు సున్నా దగ్గర నిలవాలి. దసరా సెలవులయ్యాక మొదలుపెడితే ఆ మాయదారి ముల్లు ఒక్కనాడూ సున్నాకు రాలేదు. వైర్లు మార్చాను, మీటరు మార్చాను. చివరికి చేతులెత్తేశాను.

"ఇగ నాతోని కాదు మేడం. నేను అక్క దగ్గరికి పోత."

"ముల్లు మీద అలిగితే ఎట్లనే? అది అబద్ధమాడతలేదు. మనకే సమజైతలేదు" అంటూ మేడం ఒక బిళ్లను విప్పి, కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకున్నారు. నడుమ రూపాయంత పసుపుపచ్చటి జాడ. మేడం నాలిక కరుచుకున్నారు.

"అయ్యో, నా చెయ్యి పాడుగాను! గిది పెట్టింది నేనే. పండుగకు బొట్టు పెట్టి, మళ్ల గుడ్డతోని తుడిచిన. పోయిందనుకున్న."

లోహం మీద కంటికి ఆనీ ఆనని పొర ఉన్నా చాలు, ఆ చోట వోల్టేజీ మారిపోతుందని అప్పుడు అర్థమైంది. ఇద్దరం నవ్వుకుంటూ బిళ్లను స్పిరిట్‌తో కడిగాం. ముల్లు బాగా దిగింది. కానీ సున్నాకు రాలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తవేందే పిచ్చిదానా! పసుపు నాది. గీ మిగిలింది లోహానిది. ఒక్క రేకే అయినా అంతటా ఒక్క తీరుగ ఉంటదా? ఏడ ఎంతుందో కొలువు. గిదే నీ ప్రాజెక్టు."

చిన్న బిళ్ల ఒకటి చేయించి, పెద్దదాని మీద చోటు మార్చి మార్చి కొలిచాను. ఒక్కో చోట ఒక్కో అంకె. పరీక్షకు బయటి నుంచి వచ్చిన సారు, "సున్నా ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే, జీవితంలో మొదటిసారి తడబడకుండా మాట్లాడాను. వెనక బెంచీలో మేడం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు మేడం లేరు. నేను మాత్రం ఆ పనిలోనే ఉన్నాను. రెండు పలకల మధ్య ఉండే అతి చిన్న ఆకర్షణను కొలిచేటప్పుడు, చోటు చోటుకీ మారే ఈ వోల్టేజీ దాని వేషం వేసుకుని మమ్మల్ని మోసం చేస్తుంది. దాన్ని పట్టుకోవడమే నా ఉద్యోగం.

పూజ మర్నాడు ఆ కొత్త పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. "మేడం, ఎంత శుభ్రం చేసినా సున్నాకు రావడం లేదు. ఈ పని నా వల్ల కాదేమో."

నాకెంత సంతోషమేసిందో! కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"అలుగుతవేందే పిచ్చిదానా" అన్నాను. "ఏడ ఎంతుందో కొలుద్దాం పా."