పద్నాలుగో నంబరు మంచం

తాడేపల్లిగూడెంలో ప్యాసింజరు ఎక్కినప్పటినుంచీ ఒళ్ళో రికార్డు పుస్తకం తెరిచే ఉంది. ఏలూరులో మైక్రోప్రాసెసర్ ప్రాక్టికల్ పరీక్ష, అదీ రెండోసారి. మొదటిసారి మెమరీలో ఉన్న అంకెలను కూడమంటే, అవి ఉన్న అడ్రసులను కూడి ఫెయిలయ్యాను.

భీమడోలులో ఎక్కి నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా గొణుగుడు విని, "ఏంటండీ అంత కంగారు?" అన్నారు.

"పరీక్షండీ. కంప్యూటరు మెమరీలో అడ్రసంటే గది నంబరు. లోపలి అంకె వేరు. నేను నంబరునే లోపలిదనుకుంటున్నాను," అన్నాను విసుగ్గా.

"నేనూ అలాగే పొరబడ్డానండీ. కొల్లేటికోటలో చేపల చెరువులు చూస్తుంటాను. ఏడో చెరువులో చేపల్ని తొమ్మిదిలోకి మార్చేశారంట. నాకు తెలీక ఏడో గట్టుకే లారీ తెప్పించాను. వల లాగితే నాచు తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచీ వలేసి చూడందే నంబరు నమ్మనండీ."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. గుప్పిట్లో చెమటకు తడిసిన చీటీ విప్పి చూపించారు. 'పద్నాలుగో నంబరు మంచం' అని ఉంది.

"ఆసుపత్రిలో మా ఆవిడండీ. ఇది మొన్నటి నంబరు," అన్నారు.

ఏలూరులో బండి పూర్తిగా ఆగకముందే దిగి పరుగెత్తారు.

ఆ రోజు నా లెక్క సరిగ్గా వచ్చింది. ఆ మంచం మీద ఎవరున్నారో మాత్రం నాకిప్పటికీ తెలియదు.