ఇంగున్ చెప్పని అమ్మకం

నార్వేలోని అలెసుండ్‌లో ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన ఇంగున్ మాటంటే ఊళ్లో గురి ఉండేది. మంగళవారం మధ్యాహ్నాలు లైబ్రరీ గదిలో ఏడెనిమిది మందికి షేర్ల సంగతులు చెప్పేది.

ఆ వసంతంలో అందరి దగ్గరా ఒకటే షేరు, సాల్మన్ చేపలు పెంచే కంపెనీది. తొంభై క్రోనర్ల దాకా ఎక్కి ఎనభై నాలుగుకు దిగింది. వాళ్లలో, పడవ ఇంజను కోసం దాచినదంతా అందులో పెట్టిన ఆడ్‌వార్‌కు గుండె జారింది.

"అమ్మేయనా, టీచరమ్మా?"

"కొండెక్కేవాడు మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకోడా? కిందటిసారి పడినప్పుడు ఎనభై దగ్గర ఆగింది. దానికన్నా కిందికి పోయి, మళ్లీ లేచినప్పుడు పాత ఎత్తు అందుకోలేకపోతే, అప్పుడు దారి మళ్లినట్టు. అప్పటిదాకా కదలకు."

మాట సరైనదే. మే నెలలో షేరు డెబ్బై ఆరుకు పడింది. ఎనభై మూడు దాకా లేచి నీరసించింది. మళ్లీ పడిన రోజున మామూలుకు మూడింతల షేర్లు చేతులు మారాయి. వంటింటి బల్ల దగ్గర ఆ ధరల గీతలో తను చెప్పిన గుర్తే చూసిన ఇంగున్, కాఫీ చల్లారేలోపు తనవన్నీ అమ్మేసింది.

తర్వాతి మంగళవారం ఆడ్‌వార్ అడిగాడు. "ఇంకా ఆయాసమేనంటావా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంత ధీమాగా చెప్పిన నోటితో అందరి ముందూ మాట మార్చడానికి ప్రాణం ఒప్పలేదు. "చూద్దాంలే, తొందరేముంది," అంది.

ఆగస్టుకు షేరు నలభై ఎనిమిది. ఆడ్‌వార్ పడవ రేవులోనే ఉండిపోయింది. ఇంగున్ ఆ దారి మానేసి చుట్టు తిరిగి వెళ్లేది. ఎదురుపడి అతను పలకరింపుగా తల ఊపితే కాళ్లకింద నేల చీలితే బాగుండుననిపించేది. చివరికొక మంగళవారం బోర్డు మీద షేరు గీత గీసి, ఒకచోట చుక్క పెట్టి తేదీ రాసింది.

"ఇక్కడ నావి అమ్ముకున్నాను. మీకు చెప్పలేదు."

ఆడ్‌వార్ ఆ తేదీనే చూస్తూ కూర్చున్నాడు. "దాని తర్వాతే నేను నిన్ను అడిగింది."

"అవును. నీ నష్టంలో సగం నేనిస్తాను."

"వద్దు. లెక్క తప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. తెలిసీ నన్ను అమ్మకుండా కూర్చోబెట్టావు. ఇప్పుడు డబ్బు పుచ్చుకుంటే నీ మనసు తేలికైపోతుంది, అంతేగా?"

అతను కోటు తీసుకుని వెళ్లిపోయాడు.

చెప్పే పని ఇంగున్ మరొకరికి అప్పగించి, వెనక కుర్చీలోకి మారింది. చలికాలంలో ఆడ్‌వార్ తిరిగి వచ్చాడు. ప్రశ్నలు మునుపటిలాగే అడుగుతాడు, ఆమెను మాత్రం అడగడు. జవాబు తెలిసినప్పుడల్లా ఆమె ముఖం వేడెక్కుతుంది, చూపు నేలమీదికి పోతుంది.