అత్తగారి కోసం నేర్పిన తెలుగు

అతను మొదటిసారి మా ఇంటికి వచ్చిన రోజున చెప్పులు గుమ్మం బయట విడిచి, వంగి వాటిని సరిచేసి మరీ లోపలికి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. బెంగాలీవాడు. ఊళ్లోనే ఇందా పేటలో ఉంటానని, ప్రైవేటు కంపెనీలో పని అని చెప్పాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో తెలుగు నేర్పేవాళ్లెవరని గుడి దగ్గర అడిగితే మా రైల్వే క్వార్టరు చూపించారట.

నేను ఈ బెంగాలీ ఊరి రైల్వే తెలుగు బడిలో ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పాను. పిల్లలు తగ్గిపోయి మా సెక్షను మూతపడ్డాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ట్యూషన్లు మొదలుపెట్టాను. ఇంగ్లీషు బడికి వెళ్లే మనవాళ్ల పిల్లలు సాయంత్రం వచ్చి అక్షరాలు దిద్దుకుని పోయేవారు. పెద్దవాళ్లెవరూ నా దగ్గరికి నేర్చుకోవడానికి రాలేదు అంతవరకు.

“దీదీ, నా భార్య తెలుగమ్మాయి,” అన్నాడు హిందీలో. “విజయనగరం వైపు. వాళ్లమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. పెళ్లయి మూడేళ్లయింది. ఆవిడ నన్ను చూసి నవ్వుతుంది, నేనూ నవ్వుతాను. ఎన్నాళ్లని నవ్వుకుంటూ కూర్చుంటాం?”

ఆ మాటకే నేను పడిపోయాను. పలక, బలపం ముందు పెట్టబోతే వద్దన్నాడు. చదవడం, రాయడం వద్దు. పుస్తకాల తెలుగు కూడా వద్దు. “మీరు ఇళ్లల్లో మాట్లాడుకునేది నేర్పండి. అత్తగారు మాట్లాడేది అదే కదా.”

బడిలో ఉన్నన్నాళ్లూ ఎర్రసిరా పెన్నుతో పిల్లల ‘ఏటి’ని ‘ఏమిటి’గా దిద్దినదాన్ని. ‘సేసినాను’ అని రాస్తే సున్నా వేసినదాన్ని. మా అమ్మ మాటను డబ్బిచ్చి నేర్చుకుంటానని ఒక మనిషి రావడం నాకు అదే మొదలు. ఆ రాత్రి మా ఆయనతో చెబితే ఆయన నవ్వాడు. “మన బాసకి కూడా గిరాకీ ఉన్నాదేటి?” అన్నాడు.

బుధవారం, శనివారం సాయంత్రం అయిదింటికి వచ్చేవాడు. నేను చెప్పిందల్లా నోటుబుక్కులో బెంగాలీ అక్షరాల్లో రాసుకునేవాడు. పదిరోజుల్లో ‘దీదీ’ పోయి ‘టీచరమ్మా’ వచ్చింది. మా వైపు అక్కను అప్ప అంటారని చెప్పిన తర్వాతి క్లాసు నుంచి ‘అప్పా’ అని పిలవడం మొదలుపెట్టాడు. అతను అడిగే ప్రశ్నలు మరే శిష్యుడూ అడగనివి. పెద్దావిడ మారు వడ్డిస్తానంటే నొప్పించకుండా ఎలా వద్దనాలి? మోకాళ్ల నొప్పులని ఎలా పలకరించాలి? పోయిన భర్తను తలుచుకుని కళ్లు తుడుచుకుంటే ఏమనాలి? నేను అత్తగారినై ముక్కాలిపీట మీద కూర్చునేదాన్ని, అతను అల్లుడై గుమ్మంలోంచి వచ్చేవాడు. “ఎలాగున్నావు అత్తా, మోకాళ్లు ఎలాగున్నాయి?” అని అతనంటుంటే పక్క క్వార్టరువాళ్లు మనవాడే అనుకున్నారు.

చుట్టరికాల పాఠంలో నా వాళ్లనే ఉదాహరణగా చెప్పాను. తాల్‌బగీచాలో మా పిన్ని ఉందని, మా అమ్మకు స్వయానా చెల్లెలని, పిల్లలు లేరని, పోయిన బాబాయి రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన డబ్బుతో కట్టిన ఇంట్లో ఒక్కతే ఉంటుందని చెప్పాను. ఆ సందులో ఒకప్పుడు ఎనిమిది తెలుగు ఇళ్లుండేవని, ఇప్పుడు మూడే మిగిలాయని, మన మాట మాట్లాడే మనిషి లేక పిన్ని రేడియోతో మాట్లాడుతుందని కూడా నేనే చెప్పాను. అతను నోటుబుక్కులోంచి తలెత్తకుండా రాసుకున్నాడు.

ఒకరోజు అడిగాడు: “అత్తగారు దేనికో భయపడుతోంది. నేనున్నానని చెప్పాలి. కానీ అల్లుడు చెప్పినట్టు ఉండకూడదు, కన్నవాళ్లు చెప్పినట్టుండాలి. ఏమంటారు?”

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మా అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి ఒక మాట అనేది. దాన్ని నేను నా పిల్లలతో తప్ప ఎవరితోనూ అనలేదు. అది అతనికి చెప్పాను. “నీ బెంగ నాకొగ్గీసి తొంగో.” నీ దిగులు నాకు వదిలేసి పడుకో అని. ‘తొంగో’ అనే మాట అతని నోట సరిగ్గా పలికేదాకా ఏడెనిమిదిసార్లు అనిపించాను.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఆదివారం నేను పిన్నికి చేపల పులుసు తీసుకుని తాల్‌బగీచా వెళ్లాను. పిన్ని ముఖం వెలిగిపోతోంది.

“నీ సిస్యుడు బంగారమే,” అంది. “నెల్లాళ్లయి వస్తన్నాడు. నువ్వే పంపినావట కదా?”

నాకు అర్థం కాలేదు. “ఏ శిష్యుడు పిన్నీ?”

“ఏటలాగంటావు? బెంగాలీ అబ్బి. మన మాట ఎంత బాగా మాట్లాడతన్నాడే! ఈ ఇల్లు పడగొట్టి నాలుగంతస్తులు కడతారట. కింద గది నేను బతికున్నన్నాళ్లూ నాదేనట. కాయితాలు బెంగాలీలో ఉన్నాయి. నాకు మాట వొస్తాది గానీ సదువొస్తాదేటి? వొక్కో ముక్కా తెలుగులో సదివి ఇనిపించినాడు.”

“సంతకం పెట్టావా?”

“పెట్టీసినాను. మొదట పెట్టనన్నాను. మీ బాబాయి కట్టిన ఇల్లు కదా. అప్పుడన్నాడమ్మా, నీ బెంగ నాకొగ్గీసి తొంగో పిన్నీ అని.” పిన్ని కళ్లలో నీళ్లు తిరిగాయి. “అచ్చం మా అప్ప గొంతే. మీ అమ్మే వచ్చి సెప్పినట్టనిపించింది.”

పులుసు గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. కాగితాల నకలు అడిగి తీసుకుని, ఎదురింటి బెంగాలీ మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. కింద గది ఆవిడకు ఉంటుంది, నిజమే, రెండేళ్లపాటు. తర్వాత ఖాళీ చెయ్యాలి. ఇల్లు, స్థలం అమ్మేసినట్టే. మిగతా రెండు తెలుగు ఇళ్లవాళ్లూ ఇలాంటివే సంతకం చేశారని ఆయనే చెప్పాడు.

బుధవారం అయిదింటికి అతను మామూలుగానే వచ్చాడు. చెప్పులు సరిచేసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

“మీ అత్తగారు ఎలా ఉన్నారు?” అన్నాను.

నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. తడబడలేదు. నేను నేర్పిన తెలుగులోనే జవాబిచ్చాడు. “నాకింకా పెళ్లి కాలేదు అప్పా.”

“మా పిన్నికి, బతికున్నన్నాళ్లూ గది తనదేనని చదివి వినిపించావు. కాగితంలో రెండేళ్లుంది.”

“రెండేళ్లని కూడా సెప్పినాను. పెద్దావిడ, మర్సిపోయినాది. డబ్బు బ్యాంకులో ఏసినాం. ఎవల్నీ మోసం సెయ్యలేదు.” నచ్చజెబుతున్నట్టుగా అన్నాడు. “మీరు పాటం సెప్పినారు, డబ్బు తీసుకున్నారు. నేను నా పని సేసుకున్నాను. దాంట్లో తప్పేటి?”

ఒక్క అక్షరం తప్పు పోలేదు. మాట చివర ఆ సాగదీత కూడా మా అమ్మదే. తిట్టాలని నోరు తెరిస్తే తెలుగు మాట రాలేదు నాకు. “బేరియే జాఓ,” అన్నాను, బయటికి పో అని, అతని భాషలో. అతను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన, నేను పిన్నిని వెంటబెట్టుకుని ఒక వకీలు దగ్గరికి వెళ్లాం. సంతకం ఆవిడదే, సాక్షులున్నారు, డబ్బు ఖాతాలో పడింది, నోటితో ఏం చదివాడో రుజువు చెయ్యడం కష్టం, కేసు వేస్తే ఏళ్లు పడుతుందని ఆయన చెప్పాడు. పిన్ని వద్దంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నా పక్కన కూర్చుంది. ఇందా దాటాక ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

“నీకెంత ఇచ్చినాడే?”

“పిన్నీ!”

“ఆ మాట ఆడికెలా తెలిసినాది? మా అప్ప మాట. మన ఇంట్లోది. నువ్వమ్మకపోతే ఆడికెలాగొచ్చినాది?”

మా ఆయన ఏదో చెప్పబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అతను నన్ను మోసం చేశాడని నేను ఎవరితోనైనా చెప్పుకోగలను. పిన్ని నన్నలా అడిగిందని ఈనాటిదాకా ఎవరితోనూ చెప్పుకోలేదు. నాలో పెరిగిన కోపం ఆవిడ మీదో, అతని మీదో, నా మీదో తేల్చుకోలేకపోయాను. ఆవిడ అడిగినదాంట్లో అబద్ధం లేకపోవడమే నాకు మరీ కష్టంగా ఉంది. ఆ మాటను నేను అమ్మాను. నెలనెలా జీతం పుచ్చుకున్నాను.

ఇల్లు వర్షాలకు ముందే పడగొట్టారు. భవనం లేచేదాకా మా క్వార్టరులో ఉండమంటే పిన్ని ఒప్పుకోలేదు, ఇందాలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఎవరూ తెలుగు మాట్లాడని వీధి అది. కావాలనే అక్కడికి వెళ్లిందని నా అనుమానం. నేను వెళితే తలుపు తీస్తుంది, కూర్చోమంటుంది, టీ పెడుతుంది. మాట మాత్రం బెంగాలీలోనే. ‘కేమొన్ ఆఛిశ్’ అంటుంది, ఎలా ఉన్నావని. నేను తెలుగులో జవాబిస్తే మళ్లీ బెంగాలీలోనే అందుకుంటుంది. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత నేనూ బెంగాలీలోనే మాట్లాడటం మొదలుపెట్టాను. పిన్నీ కూతుళ్లం, ఒకే ఇంటి మనుషులం, అరువు భాషలో ఒకరి కుశలం ఒకరు అడుగుతూ కూర్చుంటున్నాం.

ట్యూషన్లు మానలేదు. పిల్లలు వస్తున్నారు. పెద్దవాళ్లెవరైనా అడిగితే కుదరదంటున్నాను. ఆసుపత్రిలో తెలుగు రోగులతో మాట్లాడాలని ఒక నర్సమ్మాయి వచ్చింది ఆమధ్య. మంచిపిల్లలాగే ఉంది. అతనూ మంచివాడిలాగే ఉన్నాడు కదా అనిపించి, కుదరదని పంపేశాను. వీధి మలుపు తిరిగేదాకా ఆ పిల్ల వెనక్కి చూస్తూనే ఉంది. తప్పు చేశానేమో తెలియదు.

పోయిన ఆదివారం పిన్నికి గోంగూర పప్పు పట్టుకెళ్లాను. అలమార మీద పెట్టమని బెంగాలీలో చెప్పింది. పెట్టాను. మూత తీసి చూసింది, వేలితో కొంచెం నాకింది.

“ఉప్పెయ్యలేదేటే?” అంది.

వేశానన్నాను. మూత పెట్టేసింది ఆవిడ. ఆ మధ్యాహ్నమంతా మళ్లీ బెంగాలీయే.