మూసేస్తే పోతుందని చెప్పాను

నేను తింటున్న అన్నం మా అక్కది. ఈ మాట ఇన్నేళ్లుగా లోపలే మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. ముఖం తెలియని మీకు చెప్పడమే నాకు సులువనిపిస్తోంది.

మాది మందమర్రి. బాపు బొగ్గుబాయిలో పని చేసేవాడు. ఆరోగ్యం చెడి ఇక పని చేయలేడని తేలితే, ఆ కొలువు పిల్లల్లో ఒకరికి దక్కుతుంది. బాపుకు దమ్ము, ఆయాసం ఎక్కువై ఆ రోజు దగ్గరపడింది. అప్పటికి అక్క, భర్త వదిలేస్తే, చంటిబిడ్డతో మా క్వార్టర్‌కే వచ్చి ఉంది. నాకు డిగ్రీ ఉంది, పని లేదు. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ వాడకం బాగా తెలిసింది మాత్రం నాకొక్కడికే. అదొక గొప్ప.

ఒకరోజు అక్క దాని ముందు కూర్చుని, నన్ను పిలిచి మెల్లగా అడిగింది.

"తమ్మీ, గిది మూసేస్తే నేను సూసింది ఎవలకన్నా కనవడ్తదా?"

"కనవడదక్కా. మూసేస్తే అంత పోతది. ఫికర్ చెయ్యకు."

పోదని నాకు తెలుసు. ఎలా చెరపాలో చూపించడానికి ఎంతసేపు పట్టేది? ఆమె చూసింది చదవాలనే అలా చెప్పానా? ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నా ఒకటే జవాబు వస్తుంది. అవును.

మరునాడు ఆమె నల్లా దగ్గర నీళ్లు పడుతుండగా హిస్టరీ తెరిచాను. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుని రాసింది. మొగడు ఇడిసిపెట్టిన బిడ్డకు తండ్రి కొలువు ఇస్తరా. ఆడోళ్లకు బాయిల ఏం పని ఇస్తరు. చివర్లో ఇంకొకటి: బాపును ఎట్ల అడగాలె.

ఇంట్లో మమ్మల్ని అడగలేక దాన్ని అడిగింది.

ఆ సాయంత్రమే బాపు దగ్గర కూర్చుని కొలువు నాకు రాయమన్నాను. కొడుక్కి ఇన్నాళ్లకు బాధ్యత తెలిసిందని బాపు మురిసిపోయాడు. పక్కనే బియ్యం ఏరుతున్న అక్క చెయ్యి ఆగింది. మళ్లీ ఏరింది. ఆమె అడిగి ఉంటే బాపు ఇచ్చేవాడా? ఏమో. కొడుకు నోరు తెరిచాక మా ఇళ్లలో ఆడబిడ్డ అడగదని నాకు బాగా తెలుసు, అందుకే ముందు అడిగాను.

కొలువు నాకొచ్చింది. అక్క మిషను కుట్టి బిడ్డను పెంచింది. ఏటా రాఖీ కడుతుంది. తేలు కుట్టిన దొంగలా చెయ్యి చాపుతాను.

మొన్న అక్క తన బిడ్డ కాలేజీ సీటు పని మీద మా ఇంటికి వచ్చింది. నా కంప్యూటర్‌లో పనయ్యాక, "మూసేస్తే పోతది గదా, తమ్మీ?" అంది. ఈసారి అబద్ధం రాలేదు. పోదని చెప్పి, ఎలా చెరపాలో చూపించాను. అక్క తెర మీంచి నా వైపు తిరిగింది.

"అప్పుడు గూడ ఉండెనా?"

నేను లేచి కంప్యూటర్ ఆపేశాను. అక్క చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది. రాఖీకి వస్తుందో రాదో తెలియదు. చెప్పలేని ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను, రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది.

ఉండె, అక్కా. నేను సదివిన.